బీవీకి పీహెచ్ పేపర్ ఒక్కటే చాలదా?

గాజువాక క్లినిక్‌లో పనిచేసే సిస్టర్‌గారు అడిగింది ఇది: తెల్లబట్ట, నీచు వాసన అంటూ వచ్చేవాళ్ళకి బాక్టీరియల్ వెజైనోసిస్ (బీవీ, అంటే యోనిలో మంచి బాక్టీరియా తగ్గి వేరేవి పెరిగిపోవడం) ఉందో లేదో పీహెచ్ పేపర్‌తో (పులుపుదనం ఎంతో రంగులో చూపే కాగితంతో) తేల్చెయ్యొచ్చా, స్మియర్ (స్రావాన్ని గాజు స్లైడ్ మీద పూసి మైక్రోస్కోప్‌లో చూడడం) కూడా తియ్యాలా?

తియ్యాలండి. పేపర్ 4.5 దాటకపోతే బీవీ కాదని చాలావరకు ధైర్యంగా చెప్పొచ్చు. దాటితే మాత్రం బీవీయే అనడానికి లేదు. ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి ఉన్నా, నెలసరి రక్తమో వీర్యమో కలిసినా దాటుతుంది. గర్భాశయ ముఖం దగ్గరి జిగురు అంటినా అంతే, అందుకే స్వాబ్ (దూది చుట్టిన పుల్లతో తీసే నమూనా) యోని పక్కగోడ నుంచి తియ్యండి. యోనిని తెరిచి చూసే స్పెక్యులమ్‌కి జెల్లీ వద్దు, నీళ్ళు చాలు. 1 నుంచి 14 దాకా చూపే పేపర్‌తో ఇక్కడ పని జరగదు, 4 నుంచి 7 మధ్య చూపేది కొనండి. మన సముద్రపు గాలికి మూత తీసి ఉంచితే పాడైపోతుంది.

1983 నాటి ఆమ్సెల్ పద్ధతిలో నాలుగింట మూడు కనబడాలి: గోడకి పూతలా అంటిన పల్చటి స్రావం, 4.5 దాటిన పీహెచ్, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేయగానే చేపల వాసన, క్లూ సెల్స్ (ఒంటినిండా బాక్టీరియా అంటుకున్న యోని కణాలు). వాసన చూసే పని జలుబు చేసినవాళ్ళకీ, హార్బర్‌లో తిరిగొచ్చినవాళ్ళకీ అప్పజెప్పకండి. ఎక్కువ తప్పులు క్లూ సెల్స్ దగ్గరే. సెలైన్ చుక్క ఫ్యాన్ కింద ఆరిపోకముందే మైక్రోస్కోప్ 40ఎక్స్ లెన్సులో చూడాలి. అంచు కనబడనంతగా మిరియాల పొడి చల్లినట్టున్న కణాలు నూటికి 20 అయినా ఉండాలి, ఒకటీ అరా లెక్కలోకి రావు. హైడ్రాక్సైడ్ ఈ చుక్కలోకి పాకితే కణాలే కరిగిపోతాయి, వేరే స్లైడ్ వాడండి.

1991 నాటి న్యూజెంట్ స్కోరుకి, అంటే స్లైడ్ మీద ఏ రకం బాక్టీరియా ఎంత ఉందో చూసి వేసే మార్కులకి, గ్రామ్ స్టెయిన్ (బాక్టీరియాని ఊదా, గులాబీ రంగుల్లో విడదీసి చూపే రంగు) కావాలి. 0–3 మామూలు, 7–10 బీవీ, 4–6 వస్తే ఎటూ చెప్పలేం. రంగు కడగడం ఎక్కువైతే ఊదాగా ఉండాల్సిన లాక్టోబాసిల్లై (యోనిలోని మంచి బాక్టీరియా) గులాబీగా మారి, స్కోరు ఉత్తపుణ్యానికి పెరుగుతుంది.

కల్చర్ (ల్యాబ్‌లో బాక్టీరియాని పెంచి చూడడం) మాత్రం దండగ. బీవీలో ఎక్కువగా కనబడే గార్డ్‌నెరెల్లా బాక్టీరియా ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ పెరుగుతుంది, ఆ రిపోర్టు చూసి అనవసరంగా మందులు రాస్తారు.

మైక్రోస్కోప్ ఉంటే ఆమ్సెల్ అక్కడికక్కడే చేసి, అదే స్వాబ్‌ని ఇంకో స్లైడ్ మీద దొర్లించి ఆరబెట్టండి. పాడేరు వైపు నుంచి వచ్చినామెను మళ్ళీ రమ్మనలేం కదా, ఆరిన స్లైడయితే కొన్ని రోజులాగినా ల్యాబ్‌లో చదవొచ్చు. పేరు పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌కి కొట్టుకుపోతుంది.