ఈప్ర్‌లో ఒక సాయంత్రం
ప్రశ్న: మే నెలలో బ్రస్సెల్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకి వెళ్తున్నామండీ, మొదటి ప్రపంచయుద్ధం స్మారకాలు చూడాలని మా వారికి ఎప్పట్నుంచో కోరిక, ఒక్క రోజు చాలుతుందా?
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: బెల్జియంలోనే, ఆ యుద్ధంలో భీకర పోరు జరిగిన ఈప్ర్ ఊరి వరకే అయితే చాలుతుందమ్మా, బ్రస్సెల్స్ నుంచి ట్రైన్‌లో సుమారు రెండు గంటలు, స్టేషన్ బోర్డు మీద మాత్రం అక్కడి డచ్ భాషలో ఈపర్ అనే ఉంటుంది కంగారు పడకండి. యుద్ధంలో ఊరంతా నేలమట్టమైపోతే ఒకప్పుడు బట్టల వర్తకం సాగిన క్లాత్ హాల్ అనే పెద్ద భవనంతో సహా మళ్ళీ పాత రూపంలోనే కట్టుకున్నారు, యుద్ధం మ్యూజియం కూడా అందులోనే, దానికి కనీసం రెండు గంటలు ఉంచుకోండి. సాయంత్రం మాత్రం తొందరపడి వెనక్కి వచ్చేయొద్దు! మేనిన్ గేట్ అనే స్మారక ద్వారం దగ్గర రోజూ రాత్రి 8కి చనిపోయిన సైనికులకు నివాళిగా బ్యూగిల్ ఊదుతారు, 1928లో మొదలైన ఆనవాయితీ, టికెట్ లేదు, అరగంట ముందే వెళ్ళి నిలబడండి. సమాధైనా దొరకని 54 వేల మందికి పైగా పేర్లు ఆ గోడల మీద ఉన్నాయి, వాటిలో మన భారత సైనికులవీ ఉన్నాయి, అవి వెతికి చదవండి, నాకైతే అక్కడ గొంతు పట్టేసింది. ఇంకో రోజు దొరికితే సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో నవ్ షపెల్ అనే ఊరు చూడండి, అక్కడ 4,700 మందికి పైగా మనవాళ్ళ పేర్లతో స్మారకం ఉంది, దానికి కారైతేనే తేలిక.