గేమ్‌లో మళ్లీ పుట్టే కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ నవల మూడు అధ్యాయాలూ చదివాను. విజయవాడ కుర్రాడు, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. రాత్రంతా ఫోన్‌లో గేమ్ ఆడి, పొద్దున్నే కాలేజీకి పరిగెత్తబోయి లారీ కింద పడతాడు. కళ్లు తెరిస్తే తాను ఆడిన గేమ్‌లోనే ఉంటాడు. ఎత్తుగడ బాగుంది. వాక్యం చురుగ్గా నడుస్తోంది. బందరు రోడ్డు ట్రాఫిక్ గురించి రాసిన అరపేజీ అయితే రెండుసార్లు చదువుకున్నాను. కానీ కుర్రాడు గేమ్ లోకంలో కాలు పెట్టగానే కథలో ఆ జీవం పోయింది. రెండో అధ్యాయం సగానికల్లా వాడి చేతికి ఎదురులేని కత్తి వచ్చేసింది. మూడో అధ్యాయంలో రాజుగారే వచ్చి దణ్ణం పెట్టారు. నవ్వించే కథ రాయాలని ఉందన్నావు. వాడికి ఏ ఇబ్బందీ లేనప్పుడు పాఠకుడు దేనికి నవ్వుతాడు?

నీకు ఎంతో ఇష్టమని రాశావు కదా, ‘మై నెక్స్ట్ లైఫ్ యాజ్ ఎ విలనెస్’ అనే యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సీరియల్. దాన్నే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. జపాన్‌లో అభిమానులు దాన్ని ‘హమేఫురా’ అని పొట్టిగా పిలుస్తారు. 2020 ఏప్రిల్‌లో, జనమంతా ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్న రోజుల్లో మొదలైంది. మొదటి సీజన్ సిల్వర్ లింక్ స్టూడియో తీసిన 12 ఎపిసోడ్లు. దాని మూలకథని సతోరు యమగుచి 2014లో ‘షోసెత్సుకా ని నరో’ అనే సైట్‌లో భాగాలు భాగాలుగా రాశారు. ఎవరైనా ఉచితంగా రాసుకోగలిగే చోటు అది. నువ్వు ఇప్పుడు రాస్తున్న పద్ధతీ అదే కాబట్టి, ఆ కథ ఎలా నిలబడిందో నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి.

డ్యూక్ గారి గారాల కూతురు కటరీనా ఎనిమిదేళ్ల వయసులో కిందపడి తలకి దెబ్బ తగిలించుకుంటుంది. దాంతో గతజన్మ గుర్తొస్తుంది. అప్పుడు ఆమె 17 ఏళ్ల హైస్కూల్ అమ్మాయి. హీరోయిన్‌గా ఆడుతూ అబ్బాయిల మనసు గెలుచుకునే ప్రేమ గేమ్ ఒకటి తెల్లవారేదాకా ఆడి, ఆలస్యంగా లేచి, హడావిడిగా స్కూలుకి వెళుతూ ప్రమాదంలో పోయింది. ఇప్పుడు పుట్టింది ఆ గేమ్‌లోనే. పోనీ హీరోయిన్‌గా పుట్టిందా అంటే అదీ కాదు, హీరోయిన్‌ని వేధించే విలన్ పిల్లగా పుట్టింది. కథ ఏ దారిన నడిచినా ఆ పిల్లకి రాసిపెట్టి ఉన్నవి రెండే: దేశం నుంచి వెళ్లగొట్టడం, లేదంటే చావు.

ఇక్కడ రచయిత ఏం ఇచ్చారో చూడు. శక్తి ఇవ్వలేదు. కటరీనాకి వచ్చిన మంత్రవిద్యల్లా నేలమీద చిన్న మట్టిదిబ్బ లేపడం. అంతకు మించి ఏమీ రాదు. ఆమెకి ఇచ్చింది భయం. రాకుమారుడు జియోర్డో కత్తితో పొడుస్తాడేమోనని కత్తిసాము నేర్చుకుంటుంది. దేశం నుంచి తరిమేస్తే పొట్టపోసుకోవాలి కాబట్టి పార పట్టుకుని, డ్యూక్ గారి తోటలో మడి కట్టి కూరగాయలు పండిస్తుంది. తల్లి నెత్తీ నోరూ బాదుకున్నా వినదు. జియోర్డోకి పాములంటే పడదని తెలిసి బొమ్మ పాములు తయారుచేసి దగ్గర పెట్టుకుంటుంది. ఒక్కో పాము అంతకు ముందుదాని కంటే అసలు పాములా ఉండాలని ఏళ్ల తరబడి కష్టపడుతుంది. ఏదైనా నిర్ణయించాలంటే ఆమె బుర్రలో చిన్న చిన్న కటరీనాలు బల్ల చుట్టూ కూర్చుని మీటింగ్ పెడతారు. ఒకతి భయపడుతుంది, ఒకతి దూకుడుగా మాట్లాడుతుంది, ఒకతి మినిట్స్ రాస్తుంది. మనకిదంతా నవ్వు. ఆ పిల్లకి మాత్రం ప్రాణం మీదికి వచ్చిన వ్యవహారం. రచయిత ఎక్కడా ఆమెని ఎగతాళి చెయ్యరు. హాస్యం అంత బలంగా పండింది అందుకే.

ఒక దృశ్యం దగ్గర ఆగుదాం, నీకు బాగా పనికొస్తుంది. కీత్ అనే అబ్బాయిని ఆ ఇంటికి దత్తత తెస్తారు. గేమ్ ప్రకారం వాడు ఆ ఇంట్లో ఒంటరిగా పెరిగి, పెద్దయ్యాక అమ్మాయిల వెంట తిరిగేవాడవుతాడు, హీరోయిన్‌ని ప్రేమిస్తాడు, కటరీనా కొంప ముంచుతాడు. అందుకని వాణ్ని ఒంటరిగా వదలకూడదని కటరీనా ప్లాన్. ఇంతవరకూ స్వార్థమే. ఒకరోజు కీత్ మంత్రశక్తి అదుపు తప్పి కటరీనాకి దెబ్బ తగులుతుంది. వాడు హడలిపోయి గదిలోకి పోయి గడియ పెట్టుకుంటాడు. ఎంత బతిమాలినా తియ్యడు. అప్పుడు కటరీనా గొడ్డలి తెచ్చి తలుపు పగలగొడుతుంది. లోపల పిల్లాడు గుడ్లప్పగించి చూస్తుంటే, గొడ్డలి పట్టుకొచ్చిన పిల్ల నేలమీద మోకరిల్లి, ఇలా ఒంటరిగా ఉండిపోవద్దని వాణ్ని వేడుకుంటుంది.

తలుపు మీద గొడ్డలి పడుతున్నంతసేపూ మనం పగలబడి నవ్వుతాం. తలుపు ఊడిన మరుక్షణం గొంతు పట్టుకుంటుంది. చచ్చిపోతానన్న భయంతో బయల్దేరిన పిల్ల, అక్కడికి చేరేసరికి తన భయం మర్చిపోయి ఎదుటివాడి ఒంటరితనం చూసింది. ఆ మార్పుని రచయిత ఒక్క మాటలో కూడా చెప్పలేదు. గొడ్డలీ, తలుపూ, మోకాళ్లూ, అంతే. నీ మూడో అధ్యాయంలో కుర్రాడి మంచితనం గురించి ఊళ్లోవాళ్లు ఒక పేజీ నిండా పొగిడారు. ఆ పేజీ కొట్టెయ్. వాడి చేత ఏదైనా తలుపు బద్దలు కొట్టించు.

ఇంకొకటి మేరీ సంగతి. మేరీ భయస్తురాలు. అక్కల చేత మాటలు పడుతుంటుంది, మొక్కలు మాత్రం బాగా పెంచుతుంది. గేమ్‌లో ఆమె చేతుల్ని మెచ్చుకుని ఆమె మనసు గెలుచుకోవలసినవాడు జియోర్డో తమ్ముడు, నాలుగో రాకుమారుడు అలన్. కటరీనా తన కూరగాయల మడి బాగుచేయించుకునే తొందరలో, ఎక్కడో విన్నట్టున్న ఆ మాటే ముందుగా అనేస్తుంది. అది అలన్ డైలాగ్ అని ఆమెకి తట్టదు. మేరీ ప్రేమంతా కటరీనా మీదికి మళ్లుతుంది. ఇలా ఒక్కొక్కరే, హీరోయిన్ మరియాతో సహా, ఆమె చుట్టూ చేరతారు. వాళ్లంతా తనని ప్రేమిస్తున్నారని కటరీనాకి తప్ప చూసేవాళ్లందరికీ తెలుసు. ఆమె మాత్రం ఇంకా రాకుమారుడి కత్తి గురించే టెన్షన్ పడుతుంటుంది.

నీకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. గేమ్ ముందే తెలిసి ఉండటం నీ కుర్రాడికి ఆయుధం కాకూడదు, కళ్లకి గంతలు కావాలి. పాత కథనే పట్టుకుని వేలాడుతూ కళ్లముందు జరుగుతున్న కొత్త కథని వాడు చూడలేకపోవాలి. పాఠకుడు రెండూ చూడాలి. అప్పుడు నువ్వు జోకులు వెతుక్కోనక్కర్లేదు. వాడు నోరు తెరిస్తే చాలు, నవ్వొస్తుంది.

మరి నీ కథలో ఎలా? నా ఊహ ఒకటి చెబుతాను, నచ్చితే వాడుకో. కుర్రాడు మహావీరుడిగా కాకుండా, ఆ గేమ్ మొదటి మిషన్‌లోనే డ్రాగన్ మంటకి మాడిపోయే కోట కాపలావాడిగా కళ్లు తెరవనీ. ఆడేటప్పుడు వాడి ముఖం కూడా ఎవరూ చూసి ఉండరు. డ్రాగన్ ఉత్తర ద్వారానికి వస్తుందని మనవాడికి తెలుసు. ఆ రోజు డ్యూటీ దక్షిణ ద్వారానికి మార్పించుకోవడమే వాడి జీవితాశయం. అందుకోసం తోటి కాపలావాళ్లని మంచి చేసుకోవడం మొదలుపెడతాడు. ఒకడి తల్లికి మందులు తెచ్చిపెడతాడు. ఇంకొకడి కూతురి పెళ్లికి దగ్గరుండి పందిరి వేయిస్తాడు. రాత్రి డ్యూటీలన్నీ తన నెత్తిన వేసుకుంటాడు. తీరా ఆ రోజు వచ్చేసరికి, ఇంత మంచివాణ్ని వదిలి ఉండలేమని కాపలావాళ్లంతా వాణ్ని మధ్యలో పెట్టుకుని ఉత్తర ద్వారం దగ్గరికే బయల్దేరతారు. అప్పుడు వాడి ముఖం ఎలా ఉంటుందో నువ్వు రాస్తే చదవాలని ఉంది.

ఇలా నడవాలంటే ముందు ఆ గేమ్ పక్కాగా ఉండాలి. మొదటి మిషన్ ఏది, ఎవరు ఎప్పుడు చస్తారు, ముగింపులు ఎన్ని, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకో. అసలు దారి ఏమిటో పాఠకుడికి తెలిస్తేనే దారి తప్పినప్పుడు నవ్వు వస్తుంది. నిజంగా ఉన్న గేమ్‌ని తీసుకోవలసిన పనిలేదు. కటరీనా పుట్టిన ‘ఫార్చ్యూన్ లవర్’ కూడా ఆ కథ కోసం కల్పించినదే. నిజానికి జపాన్‌లో అమ్మాయిల కోసం చేసిన ప్రేమ గేమ్‌లలో ఇంత దుర్మార్గపు విలన్ పిల్లలు అరుదు. ఈ తరహా గేమ్‌లకి మొదటిదని చెప్పే ‘ఏంజెలిక్’ 1994లో వచ్చింది. అందులో రోజాలియా అనే గొప్పింటి పిల్ల ఉంటుంది. గర్వం ఉంది, పోటీ ఉంది, అంతే తప్ప చెడ్డది కాదు. ఉరికంబం ఎక్కవలసిన విలన్ పిల్లని ఇంతగా పెంచి పోషించింది ఇంటర్నెట్‌లో కథలు రాసుకునేవాళ్లే. తమకి కావలసిన గేమ్‌ని తామే కల్పించుకున్నారు. నీకూ ఆ స్వేచ్ఛ ఉంది. అందుకే అడుగుతున్నాను, నీ గేమ్‌లో అందరూ డ్యూకులూ బ్యారన్‌లూ ఎందుకయ్యారు? జపాన్ వాళ్లు తమ గేమ్‌లలో చూసి పెరిగిన యూరప్ అది. నీ కుర్రాడు ఆడిన గేమ్ నీది. అక్కడ కొండపల్లి లాంటి కోట ఉంటే ఎవరు కాదంటారు?

పైగా ముందే చెప్పేసిన కథలో బతకడం, గతజన్మ గుర్తుకు రావడం మన సాహిత్యానికి కొత్త కాదు. పింగళి సూరన 16వ శతాబ్దంలోనే ‘కళాపూర్ణోదయం’లో ఈ రెండూ చేశాడు. బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు, ఆ చెప్పిన కథ జరిగి తీరుతుంది. కలభాషిణి మధురలాలసగా మళ్లీ పుట్టి పాత జన్మని తలుచుకుంటుంది. పద్యాలని బెదిరిపోకు, మంచి వచనంలో చదివినా చాలు. ఏ సంగతి ఎవరికి ఎప్పుడు తెలియాలో సూరన ఎలా దాచి దాచి విడుస్తాడో గమనించు. నీకు కావలసిన విద్య అదే.

కుర్రాడి లెవెళ్లూ స్కిళ్లూ అంటూ, గేమ్ స్క్రీన్ మీద చూపినట్టు ప్రతి పేజీలో పెట్టిన ఆ డబ్బాలు తీసెయ్. మొత్తం నవలకి నాలుగైదు ఉంటే ఎక్కువ.

వయసు గురించి ఒక మాట. నీ కుర్రాడు గతజన్మలో ఇరవై ఒక్కేళ్లు బతికాడు కదా, ఆ ఇరవై ఒక్కేళ్లూ ఎక్కడికి పోయాయి? 2025 జనవరిలో ‘ఫ్రమ్ బ్యూరోక్రాట్ టు విలనెస్’ అని ఇంకో యానిమే వచ్చింది, చూడు. అందులో విలన్ పిల్లగా పుట్టేది 52 ఏళ్ల ప్రభుత్వోద్యోగి, పెళ్లాం బిడ్డలున్న మనిషి. గేమ్ చెడిపోకూడదని హీరోయిన్‌ని తిట్టాలనే చూస్తాడు, పాపం. కానీ ఎదురుగా కూతురి వయసు పిల్ల కనిపిస్తే తిట్టు నోట్లోంచి రాదు. ఇంత చక్కగా పెంచిన తల్లిదండ్రులు ఎంత మంచివాళ్లో అన్న ధోరణిలోకి వెళ్లిపోతాడు. ఇక్కడ నవ్వు పుట్టించేది మంత్రాలు కాదు, అన్నేళ్లు ఆఫీసుకి వెళ్లి బిడ్డని పెంచిన తండ్రి మనసు. నీ కుర్రాడికీ అలాంటిది ఏదో ఒకటి ఉండాలి. సప్లీలు రాసిన అనుభవమో, హాస్టల్ మెస్ నడిపిన నేర్పో, ఏదైనా సరే, వాడితోపాటు ఆ లోకానికి రానీ.

ఆఖరిది నాకు చాలా ముఖ్యమైనది. తేలిక కథ కదా అని దుఃఖాన్ని పూర్తిగా బయటికి నెట్టకు. హమేఫురా మొదటి సీజన్ చివర్లో చీకటి మంత్రం వల్ల కటరీనా నిద్రలోకి జారిపోతుంది. కలలో పాత జన్మ తిరిగొస్తుంది. అదే ఇల్లు, అదే స్కూలు, పక్కన ప్రాణస్నేహితురాలు అచ్చన్. అంతా మామూలుగా, హాయిగా ఉంటుంది. అక్కడే ఉండిపోవచ్చు కూడా. అప్పుడు మనకి ఒక్కసారిగా గుర్తొస్తుంది: ఈ పిల్ల చచ్చిపోయింది, ఆ స్నేహితురాలు ఒక్కతే మిగిలిపోయింది. పది ఎపిసోడ్లు మనల్ని నవ్వించిన కథ, ఆ బాధని అంతవరకూ దాచుకుని ఉంది.

నీ మొదటి అధ్యాయంలో కుర్రాడి తల్లి తెల్లవారుజామున లేచి క్యారేజీ కట్టి ఇస్తుంది. వాడు చిరాగ్గా లాక్కుని పోతాడు. ఆ తర్వాత లారీ. ఆ క్యారేజీ మళ్లీ నీ కథలో ఎక్కడా రాలేదు. మన పాఠకుల్లో రోడ్డు ప్రమాదంలో ఎవరినో ఒకరిని పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు, లారీని వట్టి లిఫ్టులా వాడుకుని వదిలెయ్యకు. అందులో ఆ తల్లి ఏం పెట్టిందో కూడా నువ్వు రాయలేదు. రాయి. గోంగూర పప్పో, వంకాయ వేపుడో, నీకే తెలియాలి. ఎప్పుడో తొమ్మిదో అధ్యాయంలో, కాపలావాళ్లంతా అన్నాలకి కూర్చున్నప్పుడు, పక్కవాడి మూటలోంచి అదే వాసన రానీ. అక్కడ ఒక్క పేరా రాస్తే చాలు. వాణ్ని ఏడిపించకు, ఆ పక్కవాడి చేత ఇంకో ముద్ద పెట్టించు.

నాలుగో అధ్యాయం ఇప్పుడే మొదలుపెట్టకు. ముందు గేమ్ నోట్‌బుక్ రాసుకో, తర్వాత ఆ కత్తి తీసేసి రెండో అధ్యాయం మళ్లీ రాయి. ఈ నెలాఖరుకి పంపితే పండగ సెలవుల్లో తీరిగ్గా చదువుతాను. మీ నాన్నగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
అన్నయ్య