విమానంలో కెప్టెన్ మాటే చట్టమా?

ప్రశ్న: మా అబ్బాయి ఓ ప్రైవేటు విమాన సంస్థలో కెప్టెన్. ఈమధ్య అతని విమానంలోనే, డ్యూటీ ముగిసిన ఇద్దరు సిబ్బంది ప్రయాణికుల్లా తిరిగొస్తున్నారు. ముందు వరుస ఖాళీగా ఉందని అక్కడ కూర్చోమన్నాడు. అవి అదనపు డబ్బుకు అమ్మే సీట్లని, సిబ్బందికి వెనక వరుసలేనని మేనేజర్ చెప్పినా వినలేదట. ఇప్పుడు షోకాజ్ నోటీసు ఇచ్చి 7 రోజుల్లో జవాబు ఇమ్మన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. విమానంలో కెప్టెన్‌దే తుది మాట కదా? ఇక్కడ గుణుపురం కోర్టులో కేసు వేయొచ్చా?
– ఒక తండ్రి, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: తుది మాట కెప్టెన్‌దే. అయితే దేనిమీద అన్నదే చూడాలి. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 141వ రూలు విమానం, ప్రయాణికులు, సరుకు, సిబ్బంది భద్రతను కెప్టెన్ నెత్తిన పెట్టింది. అధికారం వచ్చింది ఆ బాధ్యత కోసమే. ఏ వరుస ఎంతకు అమ్మాలి, ఎవరికివ్వాలి అన్నది సంస్థ వ్యాపారం. మీ గుణుపురం రైలు లోకో పైలట్ ఎర్ర సిగ్నల్ పడితే ఎంతటివాళ్లు చెప్పినా బండి కదపడు. అలాగని సీట్లు పంచడు కదా!

ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. తలుపులు వేసేముందు కాక్‌పిట్‌లోకి లోడ్ అండ్ ట్రిమ్ షీట్ వస్తుంది. ముందు ఎంతమంది, వెనక ఎంతమంది, కింద లగేజీ ఎంత అని, విమానం సమతూకం కోసం వేసే బరువు లెక్క అది. దాన్ని చూసి కెప్టెన్ ‘ఇద్దరిని ముందుకు పంపండి’ అంటే మేనేజర్ కాదనడానికి లేదు. అయితే లెక్క తయారయ్యాక చెప్పకుండా మనుషుల్ని మార్చి ఉంటే, అదే షీటు మీవాడికి ఎదురు తిరుగుతుంది.

కాబట్టి ముందు అబ్బాయిని అడగండి, ఆ రోజు ఎందుకు అలా చెప్పాడో. బరువు కోసమైతే అతను గట్టి నేలమీదే ఉన్నాడు. ‘పాపం అలసిపోయారు’ అని చెప్పి ఉంటే అది మంచితనమే, అధికారం కాదు. అలా తిరిగొచ్చే సమయం సిబ్బందికి డ్యూటీ లెక్కలోకి వస్తుంది గానీ, దాంతో ముందు సీటు మీద హక్కు రాదు. ఆ మాటకొస్తే కాక్‌పిట్ కూడా కెప్టెన్ సొంతిల్లు కాదు. 2023 ఫిబ్రవరిలో దుబాయ్–ఢిల్లీ విమానంలో, ప్రయాణికురాలిగా వస్తున్న ఉద్యోగినిని కాక్‌పిట్‌లోకి రానిచ్చినందుకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ కెప్టెన్ లైసెన్సును 3 నెలలు సస్పెండ్ చేసింది. సంస్థకు 30 లక్షల జరిమానా వేసింది.

జవాబులో ‘నేను కెప్టెన్‌ని, నా ఇష్టం’ అన్న ధోరణి అసలు వద్దు. ఇలాంటి జవాబులు చాలా చూశాను, ఉన్న కేసునీ పాడు చేస్తాయి. ట్రిమ్ షీట్, మేనేజర్ రిపోర్టు, సిబ్బంది సీట్ల గురించి సంస్థ పెట్టుకున్న నియమం, ఈ మూడింటి కాపీలు మెయిల్‌లో అడగమనండి. భద్రతా కారణం లేకపోతే ఉన్నదున్నట్టు రాసి, అవి అమ్ముడుపోని సీట్లని, సంస్థకు పైసా నష్టం లేదని చెప్పి విచారం తెలపడమే మేలు. లేని కారణం అల్లితే అదో కొత్త తప్పవుతుంది.

ఇక కేసు సంగతి. షోకాజ్ దశలో కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు. తండ్రి ఇల్లు గుణుపురంలో ఉన్నంత మాత్రాన అక్కడి కోర్టుకు అధికారం రాదు, పైగా వేయాల్సింది మీరు కాదు, అతను. హైకోర్టులో రిట్ కూడా కష్టమే, అది ముఖ్యంగా ప్రభుత్వం, ప్రభుత్వ సంస్థల మీద వేసే పిటిషన్. టాటాల చేతికి వెళ్లిన ఎయిరిండియా మీద రిట్ చెల్లదని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. రేపు నిజంగా శిక్ష వేస్తే, ఏ ఊరి కోర్టుకు వెళ్లాలో అపాయింట్‌మెంట్ ఆర్డర్‌ చూసి చెబుతాను. నోటీసుతో పాటు దాని కాపీ కూడా పంపండి. 7 రోజులు నోటీసు రాసిన తేదీ నుంచా, అందిన తేదీ నుంచా అన్నది మాత్రం ఇవాళే చూసుకోండి.