పంపరపనస సూర్యుడు, ఆవగింజ భూమి

చి. అమ్మలుకు,

పెద్దనాన్న ఆశీస్సులు. నిన్న నువ్వు అడిగింది ఫోనులో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను. ఐదో తరగతి పిల్లలకి సౌరకుటుంబం చెప్పాలి, చేతులతో ఏం చేయించమంటావు అన్నావు. ఏం చేయించవద్దో ముందు చెప్తాను. థర్మోకోల్ బంతులకి రంగులేసి, పుల్లలు గుచ్చి, వరసగా నిలబెట్టే ఆ నమూనా మాత్రం వద్దు. అది రాత్రంతా కూర్చుని తల్లిదండ్రులు చేస్తారు. పిల్లవాడు దాని పక్కన నిలబడి తొమ్మిది వాక్యాలు అప్పజెబుతాడు. అందులో గురుడు సూర్యుడిలో సగం ఉంటాడు, భూమి జానెడు దూరంలో ఉంటుంది. ఒక సైన్స్ ఫెయిర్‌లో నేల మీద తాడు పరిచి దూరాలు కొలిచి చూపిన మా పిల్లల్ని పక్కన పెట్టి, మెరుపు కాగితాలు అంటించిన బంతులకి బహుమతి ఇచ్చారు. ఆ పిల్లల మొహాలు నాకింకా గుర్తున్నాయి.

బజారుకెళ్ళి 14 సెంటీమీటర్ల అడ్డకొలత ఉండే పంపరపనసకాయ ఒకటి తెచ్చుకో. వినాయక చవితి రోజుల్లో తేలిగ్గా దొరుకుతుంది. అదే సూర్యుడు. ఇక ఒక సెంటీమీటరు అంటే లక్ష కిలోమీటర్లు. ఈ లెక్కన భూమి ఒక చిన్న ఆవగింజ. శుక్రుడూ ఆవగింజే. బుధుడు బొంబాయి రవ్వ పలుకు, కుజుడు గసగసం. గురుడికి చిన్న రేగిపండు, శనికి నానిన కాబూలీ శనగ, యురేనస్, నెప్ట్యూన్‌లకి చెరొక మిరియం సరిపోతాయి. గింజల్ని అట్టముక్కల మీద బంకతో అంటించండి, లేకపోతే గాలికి కుజుడు ఎగిరిపోతాడు.

తర్వాత టేపు పట్టుకుని ఆరుబయటికి నడవండి. బుధుడు 5.8 మీటర్లు, శుక్రుడు 10.8, భూమి 15, కుజుడు 22.8. గురుడు 78 మీటర్ల దగ్గర, అంటే మీ బడి గేటు దగ్గర ఉంటాడేమో. శని 143, యురేనస్ 287, నెప్ట్యూన్ 450 మీటర్లు. కొలిచే ముందు ఒక్కొక్కరినీ అడుగు, “నీ గ్రహం ఎక్కడ ఉంటుందనుకుంటున్నావ్?” అని. వాళ్ళు చెప్పిన చోట సుద్దతో గీత గీయించు. ఈ పని మాత్రం మానొద్దు. ముందు ఊహించి చెప్పిన పిల్లకి కొలత వచ్చాక కలిగే ఆశ్చర్యం, ఊరికే విన్న పిల్లకి కలగదు. ఒకసారి నెప్ట్యూన్ పట్టుకుని చెరువు గట్టు దాకా వెళ్ళిన పిల్ల రొప్పుతూ తిరిగొచ్చి, “మాస్టారూ, అక్కణ్ణుంచి సూర్యుడు ఎక్కడున్నాడో ఆనలేదండీ” అంది. ఆ దూరంలో ఎంత చలిగా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

నమూనా నిజమేనా అని పిల్లలు అడగాలి. అడక్కపోతే నువ్వే అడుగు. జవాబు ఒక కందిగింజలో ఉంది. పున్నమి రాత్రి చెయ్యి బారుగా చాపి, రెండు వేళ్ళ మధ్య కందిగింజ పట్టుకుని, ఒంటి కంటితో చంద్రుణ్ణి మూయమను. నమ్మరు, అరచెయ్యి కావాలంటారు. కందిగింజ చాలు. ఆకాశంలో సూర్యుడూ ఇంచుమించు అంతే కనిపిస్తాడు, అందుకే సంపూర్ణ సూర్యగ్రహణం సాధ్యమవుతుంది. మర్నాడు ఆవగింజ ఉన్న చోట, 15 మీటర్ల దూరాన నిలబెట్టి, అదే కందిగింజతో పంపరపనసని మూయమను. సరిగ్గా మూసుకుంటుంది.

ఆవగింజకి 3.8 సెంటీమీటర్ల దూరంలో సుద్ద నలుసు ఒకటి పెట్టు. చంద్రుడు. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 ఆ వేలెడు దూరాన్ని దాటి, ఆగస్టు 23న దిగింది. చుట్లు తిరుగుతూ వెళ్ళింది కాబట్టి 40 రోజులు పట్టింది. సూర్యుణ్ణి పరిశీలించడానికి ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 నౌక సూర్యుడి దగ్గరికి వెళ్ళిందని పిల్లలు అంటారు. ఆవగింజ నుంచి పంపరపనస వైపు 15 సెంటీమీటర్లు కొలిచి చూపించు, అది ఉన్నది అక్కడ. మిగిలిన దూరాన్ని వాళ్ళే చూసుకుంటారు.

చంద్రకళల గురించి నాకు మనసులో ఒక బాధ ఉంది. చాలా ఏళ్ళు బోర్డు మీద బొమ్మ గీసే చెప్పాను. ఒకరోజు బయట, ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్లవాణ్ణి చంద్రుడు ఎందుకు తరుగుతాడని అడిగితే, “భూమి నీడ పడి” అన్నాడు. పరీక్షలో రాసింది వేరు, నమ్మింది వేరు. అప్పటినుంచి మట్టి ఉండే నా పాఠం. నిమ్మకాయంత ఉండ చేసి, ఆరాక సున్నం పూయించు. క్యాలెండర్‌లో బహుళ సప్తమో అష్టమో చూసుకో. ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి కూడా చంద్రుడు పడమటి వైపు ఆకాశంలో తెల్లగా ఉంటాడు, ఎండ వీపు మీద పడుతుంటుంది. ఉండని ఎండలో చాపి, చంద్రుడి పక్కనే కనపడేలా పట్టుకోమను. ఉండలో సగం వెలుగు, సగం చీకటి, పక్కన చంద్రుడూ అచ్చం అలాగే! భూమి నీడ ఊసే లేదు. రెండ్రోజులాగి మళ్ళీ పట్టుకుంటే రెండూ కలిసే సన్నబడి ఉంటాయి. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం 12 డిగ్రీలు మారడం. చెయ్యి చాపితే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, కాబట్టి రోజుకి పిడికిలి పైచిలుకు అని కొలిపించు. ఇంట్లో నాయనమ్మలు చెప్పే తిథిని పిల్లలు పిడికిళ్ళతో లెక్కపెడుతుంటే ఆ ఇంట్లో మాటలు ఎలా మారతాయో నేను చూశాను.

సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడనివ్వకు. నల్ల కళ్ళద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు. చేతి అద్దానికి నల్లకాగితం చుట్టి, మధ్యలో కందిగింజంత కన్నం చేసి, ఎండని చీకటిగదిలో పది మీటర్ల దూరపు గోడ మీదికి మళ్ళించు. తొమ్మిది సెంటీమీటర్ల గుండ్రటి బింబం పడుతుంది. అద్దాన్ని ఇటుక మీద కదలకుండా ఆనించి, బింబం చుట్టూ గీత గీయమను. రెండు నిమిషాల్లో బింబం తన వెడల్పంతా పక్కకి జరిగిపోతుంది. భూమి తిరగడం కంటితో చూడడమంటే ఇదే.

నేలలో నిలువుగా పాతి నీడ కొలిచే నీడకర్ర సంగతి నీకు తెలిసిందే. నీడ పూర్తిగా కాళ్ళకిందికి వచ్చే రోజు మన దగ్గర ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మొదటిది ఎండాకాలం సెలవుల్లో పోతుంది. రెండోది ఊరిని బట్టి జూలై ఆఖరు నుంచి ఆగస్టు మూడో వారం లోపు, బడి రోజుల్లోనే వస్తుంది. మబ్బు పడితే మాత్రం మన చేతిలో లేదు.

అన్నీ ఒకే వారంలో చేయించకు. కందిగింజకి పున్నమి కావాలి, మట్టి ఉండకి బహుళ అష్టమి కావాలి. పిల్లల్ని ఆగనివ్వు. పంపరపనస దొరకగానే ఫోన్ చెయ్యి, మీ ఊరు వస్తాను. చెరువు గట్టు మీద మిరియం పట్టుకుని నిలబడే పని నాకు ఉంచు.

ఇట్లు,
పెద్దనాన్న