పెన్షన్ ఫారం కంటే ముందు పాత పీఎఫ్ స్లిప్పులు వెతకండి

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు బెంగళూరు బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ ఉద్యోగి, ఇంకో ఎనిమిది నెలల్లో 58 నిండుతాయి. పెన్షన్‌కి ఎలా అప్లై చేయాలి, అమ్మగారి షుగర్‌కీ, 74 ఏళ్ల తాతగారికీ వైద్య ఖర్చుల మాటేమిటి అని అడిగారు. నేను ఇక్కడే పీణ్య పారిశ్రామికవాడలో లేత్ మీద పాతికేళ్లు పనిచేసి 2023లో దిగిపోయాను. మాది హిందూపురం వైపు. చదువు తక్కువే కానీ ఈ కాగితాల దెబ్బకి సగం క్లర్కునయ్యాను.

మొదట ఒక మాట. పీఎఫ్ డబ్బు వేరు, పెన్షన్ వేరు. 58 నిండగానే పెన్షన్ దానంతటదే బ్యాంకులో పడుతుందని మా షాపులో చాలామంది అనుకునేవారు. పడదు. ఫారం 10డి పెట్టుకుంటేనే వస్తుంది. కంపెనీ 60 దాకా ఉద్యోగంలో ఉంచుకున్నా సరే, 58 నిండితే పనిచేస్తూనే పెన్షన్ తీసుకోవచ్చు. తీసుకోకుండా ఆగితే 60 వరకు ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. 50 దాటాక ముందే కావాలంటే ఏడాదికి 4 శాతం తగ్గుతుంది. కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి.

అసలు కథ ఈ సర్వీసు దగ్గరే. నేను 1998 నుంచి 2006 వరకు ఒక చిన్న షాపులో చేశాను. తర్వాత అది మూతబడింది. రెండో కంపెనీలో చేరాక పాత పీఎఫ్ సంగతి నేనూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఉద్యోగం మారినా మారని ఒకే పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్, వచ్చింది 2014లో కదా, దానికి ముందు ఖాతాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. రిటైరయ్యే ఏడాది పీఎఫ్ పోర్టల్‌లో సర్వీసు హిస్టరీ తెరిచి చూస్తే రెండో కంపెనీ పదిహేడేళ్లు మాత్రమే కనిపించాయి. ఎనిమిదేళ్లు గాలికి పోయినట్టే. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా ఆవిడ ట్రంకు పెట్టెలో పెళ్లి చీరల కింద పాత పీఎఫ్ ఏడాది స్లిప్పులు దొరికాయి. పసుపు రంగుకు తిరిగిపోయినా, కేఎన్‌తో మొదలయ్యే పాత ఖాతా నంబరు చెరగలేదు. వాటితో ఖాతా వెతికించి, కలిపించి, ఉద్యోగం వదిలిన తేదీ ఎక్కించడానికి ఏడు నెలలు పట్టింది. మూతబడిన కంపెనీ తరఫున సంతకం పెట్టేవాళ్లు లేరు కాబట్టి గెజిటెడ్ ఆఫీసర్ సంతకం తెమ్మన్నారు. ఒక ఆఫీసులో అయితే మూడుసార్లు వెళితే మూడు రకాల మాటలు చెప్పారు. ప్రతి నెలా 27న పీఎఫ్ వాళ్లు పెట్టే ‘నిధి ఆప్కే నికట్’ శిబిరానికి వెళ్లి స్లిప్పులు చూపించాకే ఫైలు కదిలింది. మీరూ ఆ తేదీ గుర్తు పెట్టుకోండి. కౌంటర్ దగ్గర నిలబడటం కంటే అది నయం.

ఇంత పాకులాడటం దేనికంటారా? లెక్క ఇలా ఉంటుంది: పెన్షన్ లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. మీ జీతం ఎంత ఉన్నా పరిమితి 15,000 రూపాయలే. అది కూడా 2014 సెప్టెంబరు నుంచి చేసిన సర్వీసుకే, అంతకు ముందు ఏళ్లకు 6,500. సర్వీసు 20 ఏళ్లు దాటితే రెండేళ్లు అదనంగా కలుపుతారు. ఆ ఎనిమిదేళ్లు లేకపోతే నాకు నెలకు 2,700 లోపే వచ్చేది. కలిశాక 3,800 దాకా వస్తోంది. పాతికేళ్ల చాకిరీకి ఇదా అని మీకు అనిపిస్తే, నాకూ అనిపించింది. కానీ నా తర్వాత ఇందులో సగం మా ఆవిడకు వస్తుంది, అందుకే వదల్లేదు.

ఉద్యోగం మారినప్పుడు ఫారం 10సి పెట్టి పెన్షన్ డబ్బు తీసేసుకున్నవాళ్లు మా బ్యాచ్‌లో చాలామందే ఉన్నారు. తీసుకున్న సర్వీసు మళ్లీ లెక్కలోకి రాదు. మీ నాన్నగారు ఎప్పుడైనా అలా తీసుకున్నారేమో మెల్లగా అడగండి, కోప్పడకండి.

ఇక పేరు. మన తెలుగువాళ్లకు బెంగళూరులో ఇదో పెద్ద తలనొప్పి. నా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. పీఎఫ్‌లో పొడి అక్షరమే. పైగా 1998లో ఫారం రాసిన గుమస్తా ఇక్కడి అలవాటు ప్రకారం నా పేరు చివర ‘అప్ప’ తగిలించాడు. మా ఆవిడ పేరు కూడా రెండు చోట్ల రెండు రకాలు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం తేడా లేకుండా కలవాలి. లేకపోతే జాయింట్ డిక్లరేషన్ అనే సవరణ దరఖాస్తు పెట్టాలి, పాత యూఏఎన్ అయితే దాన్ని కంపెనీ చేత ఆమోదింపజేయాలి. నాన్నగారు ఉద్యోగంలో ఉండగానే ఈ పని చేయించండి. దిగిపోయాక హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే 10డి పెట్టడం అరగంట పని, పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో అయిపోతుంది. బ్యాంకు వివరాలు, 25 ఏళ్లలోపు పిల్లలుంటే వాళ్లవి, భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో కావాలి. (ఆ ఫొటో కోసం మా ఆవిడ పట్టుచీర కట్టుకుని స్టూడియోకి వచ్చింది. అదిప్పుడు ఫ్రేము కట్టి గోడ మీద ఉంది.) అన్నీ సక్రమంగా ఉన్న క్లెయిమ్‌ను 20 రోజుల్లో తేల్చాలి. తర్వాత ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈ పీఎఫ్ పెన్షన్‌కు నవంబరే అని లేదు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. లేత్ పనితో నా వేలిగీతలు అరిగిపోయి మిషన్ ఒప్పుకోలేదు. మా అబ్బాయి ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతిలో ఇంట్లోనే పూర్తి చేశాడు.

వైద్యం సంగతిలో మాత్రం నేను తప్పు చేశాను. కంపెనీ గ్రూప్ పాలసీ చివరి రోజుతోనే ఆగిపోతుందని తెలిసీ, కొత్త పాలసీ నిదానంగా తీసుకుందాంలే అనుకున్నాను. మూడో నెలలో మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్లని ఆపరేషన్ పడింది. ఖర్చంతా పీఎఫ్ డబ్బులోంచే పోయింది.

మీరు చేయాల్సింది ఇది. నాన్నగారి జీతం ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) పరిమితి 21,000 లోపే ఉండి, కనీసం ఐదేళ్లు ఈఎస్ఐ కట్టి రిటైరవుతుంటే, ఏడాదికి 120 రూపాయలు కడితే చాలు, ఆయనకూ అమ్మగారికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. మా పక్కింటాయన భార్య షుగర్ మాత్రలు అలాగే తెచ్చుకుంటోంది. క్యూ పొడవే, కానీ 120కి ఇంకెక్కడ దొరుకుతుంది? నా జీతం పరిమితి దాటి నాకు ఆ దారి లేకపోయింది.

ఈఎస్ఐ లేకపోతే, గ్రూప్ పాలసీ ఇచ్చిన బీమా కంపెనీలోనే సొంత పాలసీకి మారతామని రిటైర్మెంట్‌కి రెండు నెలల ముందే రాసి అడగండి. అలా మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే గడువు) కలిసొస్తుంది, అది కలిసిందని కాగితం మీద తీసుకోండి. బయట కొత్తది కొంటే షుగర్ లాంటి పాత జబ్బులకు మూడేళ్ల వరకు ఆగమనవచ్చు. అయినా అమ్మగారి షుగర్ దాచకండి, దాస్తే క్లెయిమ్ దగ్గర కొంప మునుగుతుంది. 65 దాటితే పాలసీ ఇవ్వరన్న మాట పాతది, 2024లో ఆ నియమం తీసేశారు.

తాతగారికి 70 దాటాయి కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. 2024 అక్టోబరులో మొదలైంది. ఆదాయంతో పని లేదు, ఆధార్ ఉంటే చాలు. ఏడాదికి ఐదు లక్షల వరకు వైద్యం, ఇంట్లో 70 దాటిన వాళ్లందరికీ కలిపి. పాత జబ్బులకు ఆగనక్కర్లేదు. కానీ ఆస్పత్రిలో చేరితేనే, రోజూ మింగే మాత్రలకు కాదు. మా అమ్మకు చేయించాం, వాడే అవసరం ఇంకా రాలేదు. తాతగారు ఉండే రాష్ట్రంలో ఈ కార్డు నడుస్తోందో లేదో, మీరు వెళ్లే ఆస్పత్రి జాబితాలో ఉందో లేదో ముందే కౌంటర్‌లో అడిగి పెట్టుకోండి.

నాన్నగారి జీతం 21,000 లోపా, పైనా? ఇంతకు ముందు వేరే ఎక్కడైనా చేశారా? ఈ రెండూ రాయండి, మిగతాది చెబుతాను.