పెయ్యదూడల కోసం సూది వేయించే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మందలోని సంకరజాతి ఆవులన్నిటికీ లింగ నిర్ధారిత వీర్యం, అంటే పెయ్యలే పుట్టేలా వేరు చేసిన ఆబోతు వీర్యం, సూదితో (కృత్రిమ గర్భధారణ) వేయిస్తానని, డీఎన్ఏ పరీక్షలు కూడా చేయిస్తానని రాశావు. ఆలోచన మంచిదే. కానీ అన్నిటికీ మాత్రం వద్దు.

ఆ వీర్యం ఎలా తయారవుతుందో తెలిస్తే ఎందుకు వద్దంటున్నానో నీకే అర్థమవుతుంది. ఆడదూడనిచ్చే ఎక్స్ వీర్యకణంలో, మగదూడనిచ్చే వై వీర్యకణంలో కంటే డీఎన్ఏ దాదాపు 4 శాతం ఎక్కువ. కణాలకు రంగు పట్టించి, లేజర్ ముందు ఒక్కొక్కటిగా నడిపించి, ఆ చిన్న తేడాను బట్టి వేరు చేస్తారు. ఈ క్రమంలో కణాలు నలుగుతాయి. వీర్యం నింపి గడ్డకట్టించే మామూలు నాళికలో (స్ట్రా) 2 కోట్ల దాకా కణాలుంటే, ఇందులో చాలావరకు 20 లక్షల చుట్టూనే ఉంటాయి. పుట్టే దూడల్లో నూటికి 90 దాకా పెయ్యలే, నిజమే. కానీ చూడి నిలిచే శాతం మామూలు సూది కంటే తక్కువ. అందుకని ఖరీదైన నాళికను తేలిగ్గా చూడి కట్టే పశువుకే వాడాలి.

అవి ఏవంటే, ఒళ్లు నిండి 250 కిలోల దాకా తూగే, ఇంకా ఈనని పడ్డలు, ఒకటో రెండో ఈత ఈని, ఈనిన తర్వాత 60 రోజులు దాటి, మూడు వారాలకోసారి సరిగ్గా ఎదకొస్తున్న ఆవులు. ఎదలో జారే తీగ గాజులా తేటగా ఉండాలి. అందులో తెల్లటి చీము పలుకులు కనిపిస్తే ముందు డాక్టరుగారితో వైద్యం చేయించు. ఎన్నిసార్లు వేయించినా చూడి నిలవక తిరగపొర్లే ఆవుకూ, ఎద పైకి కనిపించని మూగ ఎద గేదెకూ మామూలు వీర్యమే వేయించు.

వేళ విషయంలోనూ తేడా ఉంది. మామూలు సూదికి పొద్దున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున వేయిస్తాం. వేరు చేసిన కణాలు గర్భంలో ఎక్కువసేపు బతకవు. అండం విడుదలకు దగ్గరగా వేయాలి కాబట్టి, ఎద మొదలైన 16 నుంచి 24 గంటల మధ్య వేయించు. ఎద ఎప్పుడు మొదలైందో తెలియకపోతే ఈ లెక్కంతా వృథా. రోజుకు మూడుసార్లు, ముఖ్యంగా తెల్లవారుజామునా రాత్రి పడుకునే ముందూ, కొట్టంలో ఒక అరగంట నిలబడి చూడాలి. పక్క పశువు ఎక్కితే కదలకుండా నిలబడ్డ గంటను గుర్తుపెట్టుకో.

ఊళ్లో సూది వేసే గోపాలమిత్ర నాళికను కరిగించేటప్పుడు పక్కనే ఉండు. ఎక్కువ సూదులు చెడేది ఇక్కడే. ద్రవ నత్రజని డబ్బాలో నాళికలు మైనస్ 196 డిగ్రీల్లో ఉంటాయి. వెతికే పేరుతో వాటిని డబ్బా మూతి పైకి ఎత్తి పట్టుకుంటే, పట్టుకున్నవే కాదు, మిగతావీ పాడవుతాయి. నాళికను చిమటాతో తీసి, ఒకసారి విదిలించి, 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. వేలు పెట్టి వేడి చూడటం వద్దు, థర్మామీటరు వాడమను. తీశాక పూర్తిగా తుడవాలి. లోపలికి చుక్క నీరు పోయినా కణాలు చస్తాయి. నాళికను అమర్చి వీర్యం వేసే గన్ను కూడా చల్లగా ఉండకూడదు. కరిగించాక పది నిమిషాల్లో పని అయిపోవాలి.

ఇక ఏ ఆబోతు వీర్యం అన్న మాట. నీ డబ్బు ఫలించేదీ, మునిగేదీ ఇక్కడే. వెనకటికి ఆబోతు మంచిదో కాదో తేలాలంటే దాని కూతుళ్లు ఈని పాలిచ్చే దాకా ఐదారేళ్లు ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు దూడగా ఉన్నప్పుడే రక్తం తీసి, జన్యు చిప్పు మీద వేల గుర్తులు చదివి, పాల లెక్కలు రాసిపెట్టిన పశువుల గుర్తులతో పోల్చి అంచనా కడుతున్నారు. మన దేశంలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ (ఎన్‌డీడీబీ) ఆవులకు ఇండస్‌చిప్, గేదెలకు బఫ్‌చిప్ అనే జన్యు చిప్పులు తయారుచేసింది. 2024 అక్టోబరులో ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ వచ్చాయి. అయితే ఏ పశువులతో పోల్చి ఆ విలువ కట్టారో వాటిలాంటి వాటికే అది బాగా నప్పుతుంది. అమెరికాలోని హోల్‌స్టీన్ జాతి ఆవుల మీద కట్టిన విలువ మన ఎండకు, మన మేతకు, సంకర ఆవుకు ఉన్నదున్నట్టు వర్తించదు. ఇక్కడి పాల లెక్కలతో కట్టిన జన్యు విలువ అడుగు. దాని పక్కన, ఆ అంచనా ఎంత నమ్మదగినదో చెప్పే నమ్మకం శాతమూ అడుగు. అది తక్కువగా ఉన్న కుర్ర ఆబోతైతే ఒక్కదాని మీదే ఆధారపడకుండా మూడు నాలుగు ఆబోతుల నాళికలు మందకు పంచి వేయించు.

దాగి ఉండే జబ్బులనూ మరవొద్దు. 1962లో పుట్టిన పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే హోల్‌స్టీన్ ఆబోతు సంతతి పాలలో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. దాని ద్వారా వ్యాపించిన ఒక్క జన్యులోపం వల్ల దాదాపు 5 లక్షల పిండాలు పోయాయని తర్వాత లెక్క కట్టారు. లోపం తల్లిలోనూ తండ్రిలోనూ ఒక్కో కాపీ ఉంటే రెండూ పైకి ఆరోగ్యంగానే కనిపిస్తాయి. వాటికి పుట్టే నాలుగింట్లో ఒకటి దెబ్బతింటుంది. హోల్‌స్టీన్ వీర్యం కొంటే బ్లాడ్ (BLAD), సిట్రులినీమియా, డంప్స్ (DUMPS), ఫ్యాక్టర్ 11 అనే నాలుగు జన్యులోపాల పరీక్షల్లో ఆబోతు లోపం లేనిదని తేలిన కాగితం చూసి కొను.

విదేశీ రక్తం 50 శాతం దగ్గర నిలుపు, 62.5 దాటనివ్వకు. సగం రక్తం ఉన్న ఆవుకు మళ్లీ శుద్ధ హోల్‌స్టీన్ వేయిస్తే దూడకు 75 అవుతుంది. వేసవిలో రొప్పుతుంది, పిడుదుల జ్వరాలకు లొంగుతుంది, పెరిగిన పాలు మందులకే పోతాయి. సగం రక్తమే ఉన్న సంకర ఆబోతు వీర్యం వేయిస్తే సగం దగ్గరే నిలుస్తుంది. ఒంగోలు ఆవు ఉంటే దానికి ఒంగోలే.

ఊళ్లో ఏళ్ల తరబడి ఒకే ఆబోతు నాళికలు వస్తుంటే కూతురికి తండ్రి వీర్యమే పడుతుంది. అలా పుట్టిన దూడకు అంతఃప్రజనన (దగ్గరి రక్తసంబంధపు) శాతం 25. ఎదుగుదల లేక, చూడి నిలవక ఏళ్లు గడుస్తాయి. అందుకే ప్రతి నాళిక మీద ఉండే ఆబోతు సంఖ్య, జాతి, గడ్డకట్టించిన తేదీ, కేంద్రం కోడ్ అన్నీ ఆవు 12 అంకెల చెవి ట్యాగు నంబరు పక్కన రాసుకో. వాడిన ఖాళీ నాళిక పారేయకు, పుస్తకానికి అంటించు.

నీ ఆవుల డీఎన్ఏ పరీక్ష అంటావా, మూడు సందర్భాల్లో పనికొస్తుంది. తండ్రి ఎవరో తెలియని పెయ్యను ఉంచుకోవాలా అన్నప్పుడు, మంచి వంశమని చెప్పి అమ్మజూపిన పశువును కొనేటప్పుడు, కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య విషయంలో. ఆ కవల పెయ్యల్లో నూటికి 90 పైగా గొడ్డువే. రెండేళ్లు మేపి తెలుసుకునే బదులు ముందే పరీక్ష చేయించు. ఈ కవల పరీక్షకు డాక్టరుగారితో రక్తం తీయించాలి. మిగతా రెండింటికైతే తోకకుచ్చులోంచి 20-30 వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి, కుదుళ్లను చేత్తో తాకకుండా పొడి కాగితపు కవరులో పెట్టి ట్యాగు నంబరు రాయి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ పట్టి పాడవుతుంది. గేదెలకు ఏ2 (పాలలోని ఒక రకం ప్రోటీన్) పరీక్ష మాత్రం చేయించకు, వాటి పాలు దాదాపు అన్నీ ఏ2వే.

ఈ వారంలో ప్రతి ఆవుకూ ట్యాగు నంబరు, ఎన్నో ఈత, ఈనిన తేదీ, రెండు పూటలా పాలు తూచిన లెక్క రాసి పంపు. నెలకొక రోజైనా ఇలా తూచి తీరాలి. ఎక్కువ పాలిచ్చే మూడోవంతు ఆవుల నుంచే పెయ్యలు ఉంచుకుందాం. అందులో చూడి తేలిగ్గా నిలిచేవాటికి లింగ నిర్ధారిత నాళికలు, మిగతావాటికి మామూలువి. నీ పట్టిక చూశాక ఏ ఆవుకు ఏ ఆబోతో పేరుపేరునా రాసి పంపుతాను.

మీ మామయ్య