ఎండల్లో ఏం కట్టుకోవాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: విజయవాడలో రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి స్కూటీ మీద ఆఫీసుకు వెళ్తాను. గాలి తగులుతుందని చేతుల్లేని టాప్ వేసుకుంటే, చేరేసరికి చేతులు మండిపోతున్నాయి. ఎందుకని?

జవాబు: నీడలో కూర్చుంటే చేతుల్లేనిదే హాయి. బండి మీద లెక్క వేరు. మన చర్మం వేడి సుమారు 33 నుంచి 35 డిగ్రీలు. బయట 42 ఉన్నప్పుడు గాలి మన ఒంటి వేడిని తీసుకుపోదు, తన వేడినే మనకు అంటిస్తుంది. వేగం పెంచేకొద్దీ అంత వడగాలి కొడుతుంది. పైగా నేరుగా ఎండ.

టాప్ మీద పొడుగు చేతుల నూలు చొక్కా వేసుకోండి, మీ కొలత కంటే ఒక సైజు పెద్దది. ఒంటికీ బట్టకూ మధ్య గాలి ఆడాలి. నూలైతే చాలనుకోవద్దు, నేత ముఖ్యం. పలచటి తెల్ల టీషర్టు గుండా అతినీలలోహిత కిరణాలు సుమారు ఆరింట ఒకవంతు లోపలికి వస్తాయి. చెమటకు తడిస్తే ఇంకా ఎక్కువ. కొనేముందు బట్ట వెనక చెయ్యి పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. వేళ్లు స్పష్టంగా కనిపిస్తే ఎండకు అది పనికిరాదు. దగ్గరగా నేసిన మంగళగిరి నూలు ఈ పరీక్షకు చాలావరకు నిలుస్తుంది. ముదురు రంగు కిరణాలను బాగా ఆపుతుంది కానీ వేడెక్కుతుంది, కాబట్టి మధ్యస్థంగా నీలమో ఆకుపచ్చో ఎంచుకోండి. రోడ్డు పక్కన అమ్మే బిగుతు నైలాన్ చేతితొడుగులు ఎండను ఆపుతాయి, నిజమే. కానీ కృష్ణాతీరపు ఉక్కలో మోచేతి మడతల్లో చెమట నిలిచి చెమటకాయలు లేస్తాయి.

ప్రశ్న: ఎస్‌పీఎఫ్ 50 క్రీము రాస్తున్నా ముఖం నల్లబడుతోంది. 100 కొనాలా?

జవాబు: వద్దు, రాసే కొలత మార్చండి. సరిగ్గా రాస్తే ఎస్‌పీఎఫ్ 30 అయినా ఒళ్లు కమిలించే కిరణాలను సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. తేడా అంతే. శనగగింజంత రాస్తే మాత్రం డబ్బా మీద అంకె దండగే. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పెట్టండి, ముఖానికీ మెడకూ ఆ మాత్రం కావాలి. గడప దాటడానికి పావుగంట ముందు రాసి, బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చెమట తుడుచుకుంటే క్రీము కూడా రుమాలుకే పోతుంది. ఎస్‌పీఎఫ్ ముఖ్యంగా ఆ ఒళ్లు కమిలించే కిరణాల లెక్కే. నల్లబరిచే రెండో రకం కిరణాలకు డబ్బా మీద ‘పీఏ’ (PA) అనే అక్షరాల పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు చూడండి. చెవులు, మెడ వెనక, చెప్పుల పట్టీల మధ్య పాదాలు, అందరూ మరిచేవి ఇవే.

ప్రశ్న: గంజి పెట్టిన నూలుచీర చల్లగా ఉంటుందంటారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. గంజితో చీర ఒంటికి అతుక్కోదు. అయితే చిక్కటి గంజి దారాల మధ్య సందులు పూడ్చేస్తుంది, చెమట పీల్చుకోదు. అందుకే పలుచగా, వడగట్టి పెట్టండి. ఇంతకీ అసలు తప్పు లోపల ఉంటుంది: సాటిన్ లంగా. దాని మీద ఎంత మేలిరకం నూలు కట్టినా ఉక్కే. నూలు లంగా కుట్టించుకోండి, సన్న నాడాకు బదులు వెడల్పాటి పట్టీ పెట్టిస్తే నడుము ఒరుసుకుపోదు.

ప్రశ్న: ఐదు నెలల బాబుకు సన్‌స్క్రీన్ రాయొచ్చా?

జవాబు: ఆరు నెలల లోపు నీడే మందు. వదులు నూలు చొక్కా, అంచున్న టోపీ, పైన గొడుగు. ముఖం మీద చీర చెంగు మాత్రం కప్పొద్దు, లోపల వేడి నిలిచిపోతుంది.